కేతును చంపింది నేనే

పాఠకులారా, కాగితం మీద తప్ప మరెక్కడా ఊపిరి పీల్చని మనిషిని మీరెప్పుడైనా చంపారా? తొందరపడి లేదనకండి. నచ్చని పాత్ర ఎదురైనప్పుడల్లా నాలుగు పేజీలు గబగబా తిప్పేసిన వాళ్లంతా నా లెక్కలో హత్యాయత్నం కిందికి వస్తారు. నేను ఆ దశ దాటి నిండు హత్యే చేశాను. సాక్షులు ఇద్దరు. ఆధారం ఒక నూలుచీర. అది ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉంది. ఇక వినండి, ఒక మంచి వేసవిని, ఒక మంచి చీరను, నా మంచిపేరును ఒకేసారి ఎలా పాడుచేసుకున్నానో మనవి చేస్తాను.

అప్పుడు నేను కర్నూలులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. కళాశాల చర్చావేదికలో మూడు బహుమతులు గెలిచిన గర్వంతో, ‘అధ్యక్షా’ అనకుండా మంచినీళ్లు కూడా అడగలేని స్థితికి చేరాను. నాకొక సిద్ధాంతం ఉండేది: అబద్ధం ఏ రూపంలో ఉన్నా అబద్ధమే. బజ్జీలబండి ఆయన ‘ఇప్పుడే వేసినవి’ అంటే, ‘ఇప్పుడే అనే మాటకు మీ నిర్వచనం ఏమిటి’ అని అడిగి, వెనకున్న వరుస మొత్తం చేత తిట్లు తిన్నాను. హరిశ్చంద్రుడు ఆ రోజుల్లో కనబడి ఉంటే, ఆయన్ని కూడా ఒకటి రెండు విషయాల్లో సవరించి ఉండేదాన్ని.

సెలవులు అయిపోగానే విశ్వవిద్యాలయ స్థాయి చర్చాపోటీ ఉంది. ‘మేలుచేసే అబద్ధం తప్పు కాదు’ అన్నది అంశం. నేను దానికి వ్యతిరేకంగా మాట్లాడాలి. ప్రశాంతంగా సిద్ధమవుదామని ఎమ్మిగనూరులో మా ఈశ్వరమ్మ పిన్ని ఇంటికి వెళ్లాను. గుంటమగ్గం ఆడే ఇంట్లో ప్రశాంతత వెతుక్కోవడం నీటిచుక్క లేని ఆలూరు చేలల్లో ఈత నేర్చుకోబోవడం లాంటిదని అక్కడికి వెళ్లాకగానీ తెలియలేదు. పిన్ని పొద్దున్నే కాళ్లు గుంటలోకి దించి మగ్గం ముందు కూర్చుంటే, దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం మొదలయ్యేది. పక్కింటి మాబున్ని వచ్చి గడప దగ్గర రాట్నం పెట్టుకుని దారపు కండెలు చుట్టేది. ఆ ఇద్దరికీ పొద్దుపోవడానికి కథ కావాలి. నాకు మగ్గం చప్పుడు మించి అరవగల గొంతు ఉంది. చర్చావేదిక శిక్షణ నా జీవితంలో నిజంగా అక్కరకొచ్చింది ఆ ఒక్కచోటే.

నా సంచిలో ‘గాలిమెట్ల రాజ్యం’ అనే కథ రెండు సంపుటాలు ఉన్నాయి. నా వయసు పిల్లలు నిద్ర మానుకుని చదివే మాయారాజ్యపు కథ. ఆకాశంలోకి గాలితో కట్టిన మెట్లు, వాటి కొసన ఒక కోట, ఆ కోట చుట్టూ శత్రువులు. కథానాయిక అరుణి సత్యం తప్ప పలకదు. ఆమె స్నేహితుడు కేతు సత్యం తప్ప అన్నీ పలుకుతాడు. ఎడమకాలు కుంటి, మెడలో ఆకుపచ్చ కండువా, నోరు తెరిస్తే కోతలే. కోటలో గింజలు నిండుకున్న రోజున ‘రేపే బండ్లు వస్తున్నాయి’ అని పిల్లలకు చెప్పి నిద్రపుచ్చుతాడు. బండ్లూ లేవు, ఎద్దులూ లేవు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. అరుణి అంటే నాకు గౌరవం, సభాధ్యక్షుల మీద ఉండే గౌరవం లాంటిది. ఆమె మాట్లాడుతుంటే తల ఊపేదాన్ని, ఆవులించేదాన్ని. కేతు అంటే నాకు ససేమిరా పడదు. పడదు గనుకనే అతడి అధ్యాయాలను నాలుగేసిసార్లు చదివాను. అతడి మీద ఆధారాలు సేకరిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆధారాలు సేకరించేవాళ్లు చదువుతూ మధ్యమధ్యలో అలా ముసిముసిగా నవ్వుకోరని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పిన్నికీ మాబున్నికీ అలాంటి సంకటం లేదు. మొదటిరోజే కేతు వాళ్ల ఇంటిపిల్లాడైపోయాడు. అరుణి గురించి అడిగితే, పిన్ని నాడె ఆపకుండానే తీర్పు చెప్పింది.

“ఆ పాప మంచిదేలే. కానీ ఇంట్లో పెట్టుకోలేం. కూరలో ఉప్పు తక్కువైతే ఊరందరికీ చెప్పొస్తాది.”

నా పోటీకని పిన్ని ఒక చీర మొదలుపెట్టి ఉంది. ఆవపువ్వు రంగు నేల, మధ్యలో చిన్నచిన్న బుటాలు. ఒక్కో బుటాకు విడిగా దారం చేత్తో పెట్టి నేయాలి. రోజంతా కూర్చున్నా మూరెడు సాగితే గొప్ప. ‘బుటాలకు ఏం రంగు పెడదాం పాపా’ అని నన్నడిగి, నా జవాబు వినకుండానే ఆకుపచ్చ దారం తీసుకుంది. కేతు కండువా రంగట. సత్యం పక్షాన మాట్లాడబోయే నేను ఒక అబద్ధాలకోరు గుర్తులు ఒంటినిండా వేసుకుని వేదిక ఎక్కాలన్నమాట. నా సిద్ధాంతం లోపల మూలిగింది.

రెండో సంపుటం చివరి తొంభై పేజీల్లో కేతు శత్రువుల దగ్గరకు వెళ్లి, కోటలోకి పోయే రహస్యపు మెట్ల దారి చెప్పేస్తాడు. అక్కడితో సంపుటం ముగుస్తుంది. మూడోది కర్నూలులో నా స్నేహితురాలి దగ్గర ఉంది. నేను ఇంకా చదవలేదు. వాళ్లకు చదివి వినిపిస్తూ ఆ భాగం మొదటికి రాగానే, ‘ద్రోహికి కూడా బుటాలా’ అని నా రక్తం మరిగింది. పుస్తకంలో అతడు శత్రువుల గుడారంలో నవ్వుతూ కూర్చున్నాడు. నేను మాత్రం, పుస్తకం మీది నుంచి కళ్లు తీయకుండా, గాలిమెట్టు విరిగి కేతు అగాధంలో పడి చనిపోయాడని చదివాను. ద్రోహం ఊసే ఎత్తలేదు. కనీసం మంచిపేరుతో పోనీలే అన్న దయ అది. మిగిలిన తొంభై పేజీలు అతడివే గనుక, పుస్తకం మూసేశాను.

నాడె ఆగింది. రాట్నం ఆగింది. ఆ ఇంట్లో ప్రశాంతత దొరికింది అప్పుడే.

“యాడ పడినాడు?” అంది మాబున్ని.

“అగాధంలో.”

“కుంటికాలోణ్ని మెట్ల మీదికి ఎవురు పంపినారు మే? ఇంగెవురూ లేరా ఆ కోటలో?”

ఆ పూట పిన్ని సంగటి ముట్టలేదు. మాబున్ని తెల్లారి గుప్పెడు చక్కెర తెచ్చి, పోయిన పిల్లోని పేరున పంచుతాండానంటూ నా చేతిలో కూడా కాస్త పోసింది. హంతకురాలికి ప్రసాదం. తిన్నాను కూడా. పిన్ని మగ్గం ముందు కూర్చుని, ఆకుపచ్చ కండెలన్నీ ఏరి గూట్లో పెట్టి, ఉత్త పసుపు నేత మొదలుపెట్టింది. ఎందుకు పిన్నీ అంటే, ‘పోయినోని రంగు ఎట్ల ఏస్తాం పాపా’ అంది. ఆ గొంతు విన్నప్పుడు నిజం చెప్పేయాల్సింది. కానీ మూడు బహుమతులు గెలిచిన నోరు అది. ఓటమి ఒప్పుకోవడం దానికెవరూ నేర్పలేదు.

మూడోనాడు స్నేహితురాలు బస్సులో పంపిన మూడో సంపుటం చేతికందింది. ముందుగా ఒకసారి తిరగేద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు. ఆ అరుణి పాప ఒంటరిగా ఎట్లుండాదో ఇప్పుడే చదవమంది. తెరిచాను. మొదటి వాక్యం ఇది: ‘కేతు నవ్వుతూ గుడారంలోంచి బయటకు వచ్చాడు.’

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు పెద్దలు. ఆ సామెత చెప్పిన పెద్దలెవరూ నేతగాళ్ల ఇంట్లో అబద్ధమాడి ఉండరు. తెగిన దారం ఎక్కడ ముడేశారో వేలితో తడిమి చెప్పే మనుషుల ముందు అతుకులు దాగుతాయా?

“కేతు తమ్ముడు నవ్వుతూ గుడారంలోంచి బయటకు వచ్చాడు,” అని చదివాను.

“తమ్ముడుండాడా?” అంది పిన్ని. “ఇన్నినాళ్లూ చెప్పకపోతివే.”

“కవలలు పిన్నీ. రచయిత ఇప్పుడే చెప్పాడు.”

మరుసటి పేజీలో ఆ తమ్ముడు ఆకుపచ్చ కండువా సర్దుకున్నాడు. అన్న జ్ఞాపకార్థం వేసుకున్నాడని నేను చేర్చాను. ఆ తర్వాతి పేజీలో కుంటుతూ నడిచాడు. అది చదవకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అతడు కుంటడం వల్లే కాపలావాడికి దొరికిపోతాడు. చదవక తప్పలేదు.

“తమ్మునికీ కుంటేనా?” అంది మాబున్ని.

“అవును.”

“ఏ కాలు?”

నేను పేజీలోకి చూశాను. “ఎడమ.”

“శానా అన్యాయం జేసినాడు దేవుడు ఆ యమ్మకు,” అని మాబున్ని పిన్ని వైపు చూసింది. పిన్ని ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి చర్చల్లో తల పండిన నాకు భయం వేయాల్సింది. ఎదుటి పక్షం ప్రశ్నలు ఆపిందంటే, నోట్సు రాసుకుంటోందని అర్థం.

ఇంతలో కథలో ఒక సంగతి బయటపడింది. కేతు శత్రువులకు చెప్పింది తప్పుడు దారి. వాళ్ల సైన్యమంతా ఆ మెట్లెక్కి ఉత్తగాలిలో చిక్కుకుంది. కోట నిలిచింది. అరుణి పరుగెత్తుకొచ్చి అతడి రెండు చేతులూ పట్టుకుంది. ‘చిన్నప్పటి నుంచి నీ ప్రతి అబద్ధాన్నీ లెక్కపెట్టాను కేతూ, వాటి వల్ల ఎందరు బతికారో మాత్రం లెక్కపెట్టలేదు’ అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలో, పేరు మార్చడం మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు గదా. నా విషయంలో గోతిలోంచి పిన్నే లేచి వచ్చింది. మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, గూట్లో ఉన్న రెండో సంపుటం తెచ్చి నా ముందు కూర్చుంది. పిన్ని ఐదో తరగతి దాకా చదివింది. తీరిక లేక పుస్తకం పట్టదంతే. నేను మూసేసిన చోటు తెరవడానికి ఆమెకు వెతుకులాట కూడా అక్కరలేకపోయింది. అన్నిసార్లు చదివి నలిపిన పేజీలు వాటంతటవే తెరుచుకున్నాయి. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఒక్కో మాటా చదివింది. ఒక పేజీ అయ్యేసరికి మాబున్ని కండెలన్నీ చల్లారిపోయిన టీ పక్కన వదిలేసి వచ్చి కూర్చుంది.

“మెట్టు యాడా ఇరగలేదు మాబున్నీ,” అంది పిన్ని చివరకు. తర్వాత నా వైపు తిరిగింది. “ఎందుకు చంపితివి పాపా?”

నా దగ్గర మూడు వాదాలు ఉన్నాయి. ఒక్కటే బయటకొచ్చింది. “వాడు అబద్ధాలాడుతున్నాడు పిన్నీ.”

పిన్ని నన్ను కాసేపు చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని.

“వాడు అబద్ధమాడి ఊరిని బతికించె. నువ్వు అబద్ధమాడి వాన్ని చంపితివి. ఇప్పుడు మీ కాలేజీలో ఎవురికిస్తారమ్మా బహుమతి?”

మాబున్ని నవ్వాపుకోలేక రాట్నం మీద వాలిపోయింది. ఆ తర్వాత పిన్నీ నవ్వింది. నేను ఏడ్చాను. ఆ క్రమం నాకు బాగా గుర్తుంది. శిక్ష ఆ పూటే అమలైంది: మింగేసిన తొంభై పేజీలూ, మగ్గం చప్పుడు మించి, ఒక్క మాట వదలకుండా చదవాలి. మాబున్ని పంచిన చక్కెర కూడా తిరిగివ్వాలట. బతికినోని పేరున పాయసం వండాలట. పిన్ని గూట్లోంచి ఆకుపచ్చ కండెలు తీసింది.

కానీ నేసింది నేసిందే. మధ్యలో మూడు మూరల ఉత్త పసుపు అలాగే మిగిలింది. అందులోకి తర్వాత బుటాలు దూర్చడానికి వీల్లేదంది పిన్ని. వీలున్నా దూర్చేది కాదని నా అనుమానం.

పోటీ రోజున ఆ చీరే కట్టుకున్నాను. ఎన్ని రకాలుగా తిప్పి కట్టినా ఆ బోడిభాగం ఎదురుగా, కుచ్చిళ్లలోనే వచ్చి కూర్చుంది. వేదిక ఎక్కి ‘అధ్యక్షా, అబద్ధం ఏ రూపంలో ఉన్నా’ అని మొదలుపెట్టి, ఒకసారి తల వంచి చూసుకున్నాను. అంతే. వాదం ఆగిపోయింది. ఇప్పుడు మీకు చెప్పిన కథంతా సభకు చెప్పేశాను. హాలు విరగబడి నవ్వింది. న్యాయనిర్ణేతలు కూడా నవ్వి, వ్యతిరేక పక్షంలో నిలబడి అనుకూల పక్షానికి ఇంత గట్టి సాక్ష్యం ఇచ్చిన వక్తను తామెప్పుడూ చూడలేదని చెప్పి, నన్ను చిట్టచివరి స్థానంలో పెట్టారు. ఫోన్‌లో పిన్నికి ఆ సంగతి చెబితే, “అది సరేలే, చీర ఎట్లుండాదన్నారు?” అని అడిగింది.

కాబట్టి, మూడు మూరల ఉత్త పసుపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: నాకు నచ్చని పాత్రను, మరీ ముఖ్యంగా నచ్చకూడదనుకుంటూనే నచ్చిన పాత్రను, ఇక ఏ మెట్టు మీద నుంచీ తోయను. మీకు నాదొక్కటే విన్నపం. మీరు తిప్పేసిన పేజీలున్న పుస్తకం ఒకటి మీ ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని ఈ రోజే తీయండి. ఆ పేజీలను పని చేసుకుంటున్న ఎవరికైనా వినిపించండి, పేర్లు మార్చకుండా. ఇక ఎప్పుడైనా నేను మీకు పుస్తకం చదివి వినిపిస్తూ, ఎవరో హఠాత్తుగా చనిపోయారని చెబితే, దయచేసి కన్నీళ్లు పెట్టుకోకండి. ముందు నా చేతిలోంచి పుస్తకం లాక్కోండి.