కుళ్ళు మామయ్య, తలకిందుల సూర్యుడు

కుళ్ళు మామయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా తీసిన మంచి ఫొటో కనిపిస్తే చాలు, కుళ్ళుకుంటాడు. మనలా లోలోపల కాదు, నలుగురికీ వినపడేలా. ఆయన ఒక్కసారి గట్టిగా కుళ్ళుకుంటే గోడ సున్నం పెళ్ళలుగా రాలేది. ఎదురు మేడ మీది పావురాలు వలస పోయేవి. నమ్మకపోతే ఆ పావురాలనే అడగండి.

ఆయనదీ పాస్‌పోర్టు ఫొటోల స్టూడియోయే. అయినా వీధి చివర కొత్త స్టూడియో ముందు నిలబడి, "పెళ్ళికూతురి ముక్కు మీద ఆ వెలుగేమిట్రా! కడుపు మండిపోతోంది!" అని అరిచేవాడు. ఒకసారి ఆసుపత్రిలో, కాలు విరిగి ఏడుస్తున్న ముసలాయన ఎక్స్‌రే చూసి అక్కడే కూలబడ్డాడు. "ఏం నలుపు, ఏం తెలుపు! ఎముకలంటే మీవండీ! నావీ ఉన్నాయి ఎందుకు, బూడిదరంగులో!"

అలాంటి మామయ్య తన తొలి ప్రదర్శనకు రాకూడదని మేనకోడలు మొక్కని దేవుడు లేడు.

ఆమె బిస్కెట్ల డబ్బాకు సూదితో బెజ్జం పెట్టి, లోపల ఫొటో కాగితం అంటించి, వంటింటి కిటికీలో నెలల తరబడి వదిలేసింది. సూర్యుడు రోజూ నడిచిన దారి ఒక్కో వెలుగు గీతగా, వంతెన మీద వంతెనలా పడింది. గ్యాలరీవాళ్ళు ఆ ఫొటోను నడవాలో, కరెంటు మీటరు పక్కన తగిలించారు. పైగా తలకిందులుగా. వంతెనలన్నీ ఉయ్యాలలైపోయాయి.

చెబుదామంటే యజమానురాలు ముందే హెచ్చరించింది. "సాయంత్రంలోగా ఎవరూ ఆగి చూడకపోతే దించేస్తామమ్మా. ఆ మేకు కోసం ఇంకొకరు కాచుక్కూర్చున్నారు." దిగిన ఫొటో మళ్ళీ ఎక్కుతుందో లేదోనని మేనకోడలు నోరు మూసుకుంది.

పెద్ద హాల్లో గడ్డం కళాకారుడి ఫొటోల ముందు మాత్రం కాలు పెట్టే చోటు లేదు. అవి ఫిల్మును కాల్చి, ఆ మసి మరకలతో ముద్రించినవి. ఆ జనాన్ని చూస్తుంటే మేనకోడలికి ఒంటికి కారం రాసుకున్నట్టుంది. చివరికి ఆయన గడ్డం మీద కూడా కుళ్ళు పుట్టింది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు మామయ్య. గడ్డం ఆయన ఫొటోలు చూశాడు. "బాగున్నాయి," అని ఆవులించాడు. అంతే! మేనకోడలు బిత్తరపోయింది.

తిన్నగా నడవాలోకొచ్చి, మీటరు పక్కన గుండె పట్టుకున్నాడు.

"ఓరి నాయనో! సూర్యుణ్ణి డబ్బాలో పెట్టి మూతేసింది! ఇన్నేళ్ళూ కెమెరాతో నేనేం చేసినట్టు, వీపు గోక్కున్నానా? తీసెయ్యండి దీన్ని, చూడలేను!"

"మామయ్యా, పరువు తీయకు!"

"నువ్వు మాట్లాడకే, అసలే ఒళ్ళు మండుతోంది!"

ఆయన చూడలేనన్నదేమిటో చూడాలని హాలంతా నడవాలోకి ఒలికింది. వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. ఒకావిడ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. యజమానురాలు హడావిడిగా ఇంకో దీపం తెప్పించింది.

అప్పుడు తట్టింది మేనకోడలికి. ఆరోజు ముసలాయన ఏడుపు మాని, తన ఎక్స్‌రేను వార్డంతా తిప్పి చూపించుకున్నాడు. మూతపడబోయిన కొత్త స్టూడియో ఆ అరుపుల తర్వాతే నిలదొక్కుకుంది. జనం అప్పటికే మూగిన ఫొటోను చూసి మామయ్య ఏనాడూ కుళ్ళుకోలేదు.

"నిజం చెప్పు మామయ్యా, నా ఫొటో చూసి కుళ్ళుకున్నావా?" అంది గుసగుసగా.

"తలకిందులుగా వేలాడేదాన్ని చూసి ఎవడు కుళ్ళుకుంటాడే?"

"నీకూ తెలుసా! మరి వాళ్ళకు చెప్పలేదేం?"

"చెబితే దించుతారు. దించాక ఆ మేకు నీదవుతుందా?"

ఇంతలో గడ్డం కళాకారుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఉయ్యాలలూగుతున్న సూర్యుణ్ణి చాలాసేపు చూశాడు. "ఛ! ఈ డబ్బా ఆలోచన నాకెందుకు రాలేదు!" అని గోడకేసి తల బాదుకున్నాడు. నిజంగానే సున్నం పెళ్ళ ఒకటి రాలింది. జనమంతా అటు తిరిగారు.

మామయ్య ముఖం మాడిపోయింది.

"చూడవే," అంటూ మేనకోడలి చెయ్యి గిల్లాడు, "నాకంటే బాగా కుళ్ళుకుంటున్నాడు!"