రుచి చూడనిది రాయని బోర్డు

హైదరాబాద్ పాతబస్తీ లాల్‌దర్వాజాలో మహంకాళి అమ్మవారి గుడికి పోయే సందులో, ఎడమ చేతి వైపు మూడో గుమ్మం రమాబాయిది. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసి, గుడి గోపురం వైపు తిరిగి ఒక దండం పెట్టుకుంటుంది. ఆ తర్వాత అరుగు మీద గోడకు ఆనించిన నల్లబోర్డును తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఆగి, సుద్దముక్కతో రాయడం మొదలుపెడుతుంది.

‘యశోద ఇంట్లో గరిజెలు, ఈ పూట చేసినవి.’ ‘సుశీలమ్మ దగ్గర దీపానికి వత్తులు, చేత్తో ఒత్తినవి.’ ‘అమల మురుకులు, నువ్వులు ఎక్కువ, కారం తక్కువ.’

అక్షరాలు గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ముప్పై ఏళ్లు బీమా ఆఫీసులో రికార్డులు రాసిన చెయ్యి అది. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు శాలువా కప్పి, ఇంకేం కావాలో అడగమంటే, స్టోరు గదిలో మూలన పడి ఉన్న ఈ బోర్డు ఇప్పించమంది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆటో మాట్లాడుకొని బోర్డును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని భద్రంగా ఇంటికి తెచ్చుకుంది.

బోర్డుకు ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. తను తినకుండా, వాడకుండా ఏదీ రాయదు. గరిజె కొరికి చూస్తుంది. వత్తి వెలిగించి ఎంతసేపు నిలుస్తుందో చూస్తుంది. బాగలేకపోతే ఆ రోజు ఆ పేరు రాయదు, ఎందుకు రాయలేదో ఇంటికి పోయి మెల్లగా చెప్పి వస్తుంది. ఆ మాట తలుపు దగ్గరికి వేసి చెబుతుంది, నలుగురిలో చెప్పదు. పక్కింటి పిల్ల మనస్విని కాలేజీకి పోతూ బోర్డు ఫోటో తీసి ఫోన్లో స్టేటస్ పెడుతుంది. మొఘల్‌పురా నుంచి, జహనుమా నుంచి కూడా మనుషులు ఆ ఫోటో చూసి వస్తుంటారు.

ఈ పని వెనక ఒక జాకెట్టు గుడ్డ కథ ఉంది. ఒక శ్రావణ శుక్రవారం పసుపుబొట్టుకు పోతే, వాయనంలో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ వచ్చింది. మూలన చిన్న సిరా మరక చూసి రమాబాయికి నవ్వాగలేదు. మూడేళ్ల కింద తన ఇంట్లో తన చేత్తో ఇచ్చిన గుడ్డే అది. కుట్టించుకోకుండా ఇంటింటా తిరిగి, ఊరు చూసొచ్చినట్టు మళ్లీ తన దగ్గరికే వచ్చింది. మరుసటి వారం ఆమె తన వాయనంలో గుడ్డ పెట్టలేదు. సందులో ఆడవాళ్లు చేసినవే, యశోద గరిజెల పొట్లం, సుశీలమ్మ వత్తుల కట్ట పెట్టి, చేసినామె పేరు, ఇల్లు ఎక్కడో చిన్న కాగితం మీద రాసి జతచేసింది. తొమ్మిది మంది ముత్తయిదువులు తీసుకుపోతే, ఆ వారంలో నలుగురు వెతుక్కుంటూ వచ్చారు. ‘అమ్మవారి పేరున ఇచ్చింది ఒకరి పొయ్యి కూడా వెలిగించాలి గద’ అని ఆమె ఆలోచన.

ఇక అమల సంగతి. ముప్పై దాటిన మనిషి, సందు చివర అద్దె ఇంట్లో ఉంటుంది. ఊరవతల పెద్ద మాల్‌లో నేల తుడిచే ఉద్యోగం. పన్నెండు గంటలు నిలబడాలి, కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. కాళ్లు వాచి ఇంటికి వచ్చేది. ఆమె మురుకులు తిన్న రమాబాయి ఒకరోజు ఆమె కాళ్లు చూసి, ‘చేతుల ఇంత విద్య ఉంది, కాళ్ల మీద ఎందుకు బతుకుతవు బిడ్డా’ అంది. ఆ ఒక్క మాట పట్టుకొని అమల ఉద్యోగం మానేసింది. సూపర్‌వైజర్ మాత్రం, బోనాలు అయ్యాక వచ్చే మంగళవారం దాకా జాగా ఆపుతానని, అప్పటికి రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటానని చెప్పాడు.

ఇంటి దగ్గర అమ్మితే పది పొట్లాలు పోతాయి. దుకాణంలో పెడితేనే నిలదొక్కుకుంటుంది. అందుకే రమాబాయి మెయిన్ రోడ్డు మీద కైలాసం కిరాణా దుకాణానికి పోయింది. తాతల నాటి దుకాణం అది. కైలాసం మంచివాడే, కానీ వ్యాపారి.

‘అక్కా, నా కౌంటర్ మీద జాగ కోసం కంపెనీలోళ్లే లైన్ కడ్తరు’ అన్నాడు.

‘ఆ కంపెనీల ఓనర్లు ఎన్నడన్న నీ దుకాణంల కిలో బియ్యప్పిండి కొన్నరా తమ్మీ? అమల కొంటది. నువ్వులు నీ దగ్గర్నే, నూనె నీ దగ్గర్నే. ఆమె మురుకులు ఎంత పోతే నీ పిండి అంత పోతది.’

కైలాసం తల గోక్కున్నాడు. ‘నువ్వు ఆఫీసుల ఉండాల్సినదానివి కాదక్కా, బేగంబజార్‌ల ఉండాల్సింది. సరే, బోనాల దినం పెట్టున్రి. సరుకు వాపస్ వచ్చిందో, మళ్ల నన్ను అడగొద్దు.’

బోనాలకు రెండు వందల పొట్లాలు. శనివారం పొద్దున అమల ఇంట్లో పొయ్యి వెలిగింది. తొలి వాయి అమ్మవారికి నైవేద్యం పెడతానని అమల మొక్కుకుంది. నైవేద్యం కాకముందు ఎవరూ నోట్లో వేసుకోరాదు, ఇది ఆ సందులో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మడిచీర కట్టుకొని వచ్చి రమాబాయి పిండి కలిపింది. నువ్వులు, వాము అమల వేసింది. మామూలు రోజైతే తొలి మురుకు చల్లారక ముందే అమల కొరికి, ఉప్పు చూసుకొని మిగతా పిండి సరిచేసుకునేది. ఆ రోజు ఇద్దరూ అమ్మవారి పేరు తలుచుకుంటూ, వాసన చూడకుండా, మూతికి అడ్డంగా కొంగు కట్టుకొని భక్తిగా వండారు.

ఆదివారం తెల్లవారుజామున రమాబాయి భర్త వామన్‌రావు నైవేద్యం పళ్లెం గుడికి తీసుకుపోయాడు. ఆటో నడిపే జోయెల్ వచ్చి పొట్లాలన్నీ ఎక్కించుకున్నాడు. సందులో ఆడవాళ్ల సరుకు దుకాణాలకు చేర్చేది అతనే. అందరితో కలుపుగోలుగా ఉంటాడు గానీ ఛాయ్ హోటల్ వాడితో మాత్రం రోజూ లొల్లే. చక్కెర ఎక్కువైందనో, సమోసాలో ఉప్పు తక్కువైందనో.

రమాబాయి బోర్డు ముందు సుద్దముక్క పట్టుకొని నిలబడింది. రుచి చూడలేదు. చూద్దామంటే ఆ రోజు ఇద్దరికీ ఒక్కపొద్దు, బోనం ఎత్తేదాకా మంచినీళ్లు తప్ప ముట్టరు. కాసేపు ఆగి, ‘అమ్మవారు తిన్నది బాగుండకుండ పోతదా’ అనుకొని రాసేసింది: ‘అమల మురుకులు, కైలాసం దుకాణంలో.’ బోర్డు పెట్టిన నాటి నుంచి నియమం తప్పడం అదే మొదటిసారి.

కైలాసం కూడా దుకాణం తెరవగానే ఒక పొట్లం విప్పి తిని, ‘మస్తున్నయ్ అక్కా!’ అని ఫోన్ చేశాడు. ఇక ఫికర్ లేదనుకున్నారు ఇద్దరూ. ఊరూరి నుంచి వచ్చిన జనం. మధ్యాహ్నానికి నూట యాభై పొట్లాలు పోయాయి.

సాయంత్రం బోనం ఎత్తి వచ్చాక ఒక్కపొద్దు విడిచారు. అమల ప్రసాదం మురుకు కొరికి, నమలడం ఆపేసింది. రమాబాయి కొరికింది. ఆమె కూడా ఆపేసింది.

‘అమ్మా... ఉప్పు మీరెయ్యలేదా?’

‘పిండిల నువ్వే వేసినవనుకున్న బిడ్డా.’

పక్కన వామన్‌రావు మూడో మురుకు తింటూ, ‘బ్రహ్మాండంగున్నయ్’ అన్నాడు.

‘మీరు నోరు మూసుకొని తినండి’ అంది రమాబాయి. నలభై ఏళ్లలో ఆయన ఏది పెట్టినా బ్రహ్మాండమనే అన్నాడు. ఆమెకు అంతకాలం ముద్దొచ్చిన ఆ మంచితనం ఆ పూట మాత్రం ముద్దు రాలేదు.

అమల గోడకు ఆనుకొని కూలబడింది. ‘అయిపోయింది. మంగళవారం డ్యూటీకి పోత. నా నసీబు గా నేల తుడుసుడే.’

ఇద్దరూ కైలాసం దగ్గరికి పోయారు. విన్నాక అతను గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. ‘చుప్ ఉండున్రి అక్కా. పండుగ పూట వచ్చినోళ్లు, మళ్ల రారు. ఉన్న పొట్లాలు లోపల పెడ్త. మీరు కథలు పెట్టుకోకున్రి. నా దుకాణం పేరు ఖరాబైతది.’

రమాబాయి, తెల్లారి మళ్లీ పొయ్యి వెలిగించమని చెప్పి అమలను పంపింది. ఇంటికి వచ్చి దేవుడి ముందు దీపం పెట్టి, కళ్లు మూసుకొని చాలాసేపు కూర్చుంది. ఏం అడిగిందో అమ్మవారికే తెలియాలి.

సోమవారం పొద్దున ముగ్గు ఆరకముందే బోర్డు మీద కొత్త అక్షరాలు కనిపించాయి.

‘నిన్న అమ్మిన మురుకులలో ఉప్పు లేదు. చేసినామె తప్పు కాదు. రుచి చూడకుండా రాసిన తప్పు నాది. పొట్లం సగం తిన్నా సరే, కైలాసం దుకాణానికి తెస్తే కొత్త పొట్లం ఇస్తాము. రమాబాయి.’

మనస్విని ఫోటో తీయడానికి జంకింది. ‘అమ్మమ్మా, ఇది గూడ పెట్టాల్నా?’

‘బాగుందని రాసిన రోజు పెట్టినవు గద. బాగలేదని రాసిన రోజు ఎట్ల మానేస్తవు?’

అప్పటికే అమల పొయ్యి వెలిగించి ఉంది. తొలి మురుకు తనే కొరికింది, ఏడుస్తూనే కొరికింది. ఉప్పు సరిపోయింది.

కైలాసం పరుగున వచ్చాడు. ‘ఏంది అక్కా గిది! చెప్పొద్దంటే ఊరంత చాటింపేసినవు!’ అని అరుస్తుండగానే, దుకాణం నుంచి కబురొచ్చింది, జనం వచ్చారని. తిట్టడం సగంలో ఆపి వెనక్కి పోయాడు.

రోజంతా వచ్చారు. పొట్లాలు తెచ్చినవాళ్లు పాతిక మంది కూడా లేరు. జహనుమా నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉత్త చేతులతో వచ్చి, ‘మేం ప్రసాదమనుకొని తినేసినం, మార్చుకోను రాలే. తప్పు ఒప్పుకున్నామెను చూసిపోదామని వచ్చిన’ అంది. పోతూ పోతూ నాలుగు పొట్లాలు కొన్నది. మార్చుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఊరికే పోలేదు. ఒకరు చింతపండు అడిగారు, ఒకరు బెల్లం, ఇంకొకరు గుడికని కొబ్బరికాయలు.

సాయంత్రం కైలాసం తనే రమాబాయి అరుగు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అమల గుమ్మం పక్కన నిలబడి అతని మొహమే చూస్తోంది. మాల్‌కు ఫోన్ చేయాల్సింది ఆ పూటే.

‘అక్కా, ఒక సంగతి చెప్త, మా ఇంట్ల చెప్పొద్దు’ అన్నాడు. ‘నిన్న పొద్దుగాల పొట్లం మొత్తం తిన్న నేను. ఉప్పు లేదని నాకు తెల్వనే తెల్వలే. బీపీ అని రెండేండ్ల సంది మా ఆమె నాకు సప్పిడి కూడే పెడ్తున్నది. నా నాలిక చచ్చిపోయింది. తప్పుల నా వాటా గూడ ఉంది.’

అమలకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ‘అన్నా, మరి రేపు...’

‘రేపేంది? రేపు యాభై పొట్లాలు పంపు. కౌంటర్ మీద కాదు, ముంగట అద్దాల డబ్బాల పెడ్త. అక్క బోర్డు ఉన్నన్ని దినాలు నీ డబ్బా ఉంటది.’ లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. ‘నాకు మాత్రం రోజూ ఒక సప్పిడి పొట్లం. చాటుకు.’

అమల ఫోన్ తీసి, మాల్‌కు రానని మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ కూర్చునే మాట్లాడింది.

రమాబాయికి మాత్రం ఒక ముడి విడలేదు. రేపు మంగళవారం. ఈ బోనాల నుంచి కొత్తగా పట్టిన మొక్కు, తనకు ఒక్కపొద్దు, అమలకు ఒక్కపొద్దు. శుక్రవారం కూడా అంతే. ఇంట్లో వామన్‌రావుకు అంతా బ్రహ్మాండం. దుకాణంలో కైలాసానికి నాలుక లేదు. తొలి వాయి అమ్మవారికి పోయాక మలి వాయి రుచి చూసే నోరు ఒకటి కావాలి. వ్రతం, మొహమాటం, బీపీ, ఈ మూడూ లేని నోరు.

అప్పుడే జోయెల్ ఆటో వచ్చి ఆగింది. రేపటి పొట్లాలు ఎన్నింటికి తీసుకుపోవాలో అడగడానికి వచ్చాడు. వస్తూనే, హోటల్ సమోసాలో ఈ రోజు కూడా ఉప్పు తక్కువని గొణుగుతున్నాడు.

రమాబాయి అరుగు దిగి ఆటో దగ్గరికి నడిచింది. తన పనికి ఒకరిని సాయం అడగడం అలవాటు లేని మనిషి కాబట్టి, ముందు కొంగు సవరించుకుంది.

‘జోయెల్, నాకొక సాయం చేస్తవా బిడ్డా? మంగళవారం, శుక్రవారం జరంత ముందుగాల రా. వచ్చి, మలి వాయిల ఒక్క మురుకు కొరికి చూసి చెప్పు.’

జోయెల్ తడబడ్డాడు. ‘నేనా అమ్మా? మీ మడికి, పూజకు...’

‘అమ్మవారి వాటా ముందుగాలనే తీసి మూత పెడ్త. ఆమె తల్లి, ఉప్పు లేకున్నా తింటది. కొనేటోళ్లు తినరు గద. వాళ్ల తరఫున నువ్వు తినాలె. బాగలేకుంటే బాగలేదను, నా మొహం చూడకు. నువ్వు చెప్పినంకనే నేను సుద్దముక్క పడ్త.’