పలకరింపుల జ్వరం

మొన్న సాయంత్రం మా కొడుకు కూతురు బళ్లో ఇచ్చిన పాఠం ముందేసుకుని, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీస్తూ కూర్చుంది. జలుబు మెల్లగా మొదలవుతుందట, ముక్కు కారుతుందట. ఫ్లూ అయితే ఉన్నట్టుండి పట్టుకుని, జ్వరంతో ఒళ్లంతా నొప్పులు పెట్టి, దగ్గరున్నవాళ్లకు అంటుకుని, ముసలివాళ్లకైతే ప్రాణం మీదికి తెస్తుందట. గీతలు గీసేసి అది ఆటకు పోయింది గానీ, నా మనసు మాత్రం కోయిలకుంట్ల దగ్గరి మా పల్లెకు పోయి అక్కడే ఉండిపోయింది.

మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ముక్కు కారినా పడిశమే, కారకపోయినా పడిశమే; మందు తింటే వారం, తినకుంటే ఏడు రోజులు అని నవ్వేసేవాళ్లం. ఒక చలికాలం పొద్దున శనగ పీకడానికి నిక్షేపంగా వెళ్లిన అమ్మ, మధ్యాహ్నం కాకముందే చేను గట్టు మీద కూలబడింది. ముక్కు పొడిగానే ఉంది, ఒళ్లు మాత్రం పెనంలా కాలుతోంది. నాన్న బండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోతానంటే పెద్దవాళ్లే వద్దన్నారు.

మా వైపు ఒకరు మంచం పడితే ఊరంతా వచ్చి పలకరించాలి, రానివాళ్లకు ఏడాదిపాటు దెప్పుళ్లు తప్పవు. వాకిట్లో నిలబడి అడిగిపోతే అదీ మర్యాద కాదు, మంచం మీద కూర్చుని నుదురు తాకి చూడాలి. వచ్చినవాళ్లు ఊరికే పోతారా, తలా ఒక కారణం కనిపెట్టారు: తడి ఆరకుండానే జడ వేసుకుందని ఒకామె, అహోబిలంలో ఏటి నీళ్లలో మునిగిందని ఇంకొకామె, రాత్రిపూట పెరుగన్నం తిన్నదని మా మేనత్త. పొద్దున బాగున్న మనిషి అంతలోనే ఎందుకు పడిపోయిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. "శానా చూసినాంలే అప్పా, పడిశమే ఇది, లంఖణాలు పెడితే అదే పోతాది" అని నాన్నకు ధైర్యం చెప్పి వెళ్లారు.

కబురంది, అమ్మను కన్న మా అవ్వ బద్వేలు నుంచి వచ్చింది. వచ్చిన పూట నుంచి అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, కషాయం తాగించి, అదే మంచం మీద, అదే దుప్పటిలో పడుకునేది. నాన్న ఒకసారి పక్క గదిలో నడుం వాల్చమంటే, "నా బిడ్డ ఈడుంటే నేను యాడ పండుకునేది నాయనా?" అంది.

అమ్మ లేచి జొన్న గంజి తాగే వేళకు మా వీధిలో సగం ఇళ్లలో జ్వరాలు, అవ్వకూ జ్వరం. ఆవిరి పట్టాం, అరికాళ్లకు ఆముదం రాశాం, అయినా ఆమె ఊపిరి అందక ఎగపోస్తూనే ఉంది. ఈసారి నాన్న ఎవరి మాటా వినకుండా బండి కట్టాడు. ఊరు దాటకముందే అవ్వ పోయింది. వయసైపోయిందిలే అన్నారు అందరూ, మళ్లీ వచ్చి అమ్మను చుట్టుకుని కూర్చుని ఏడ్చారు.

ఇప్పుడు అన్నీ తెలుసు. పోయిన నెల ఇక్కడ కర్నూలులో నాకు జ్వరం తగిలితే, కడపలో ఉన్న నా కూతురు బయలుదేరతానంది, నేనే రావద్దన్నాను, అంటుకుంటుందని గట్టిగా చెప్పాను. తెలివైన పిల్ల, నా మాట విని రాలేదు, పూటపూటకూ ఫోనులో పలకరించింది. అదే మంచిదని నాకూ తెలుసు. తెలిసి కూడా, జ్వరం తగ్గేదాకా వాకిలి వైపే తిరిగి పడుకున్నాను.