తోటికోడలి ట్రోపోనిన్

పోయినేడు మా తోటికోడలికి ఛాతీలో నొప్పి వస్తే, రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగింది. గుండె దెబ్బతిన్నదని తేలింది. అప్పటినుంచి మా అత్త ఆమెను చెంబు కూడా ఎత్తనివ్వదు. ఇంటెడు చాకిరీ నాదే. ఆమె నిమ్మళంగా కూర్చుంటే నాకు కడుపు మండేది.

మొన్న నాకూ నొప్పి వచ్చింది. కార్ఖానా ఏరియాలో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో రక్తం తీశారు, మూడు గంటలు ఆగి మళ్లీ తీశారు. ఆ మూడు గంటలూ సిగ్గులేకుండా ఒకటే కోరుకున్నాను, నాకూ కాస్త పెరగాలని.

రెండుసార్లూ నార్మలే వచ్చింది. "గుండె మంచిగున్నదమ్మా, ఇంటికి పోవచ్చు" అన్నాడు డాక్టరు.

దారిలో మోండా మార్కెట్‌లో మా ఆయన రెండు సంచుల కూరగాయలు కొన్నాడు. ఇంటి ముందు బండి ఆపగానే తోటికోడలు ఎదురొచ్చి సంచి అందుకోబోయింది.

"నువ్వు ముట్టకు వదినా, ఆమె తెస్తది" అన్నాడు మా ఆయన, నన్ను చూపించి.