నా తల మీద నాన్న చెయ్యి

చూపు పోయాక మా నాన్న ఓటు వేయాలంటే పక్కన మనిషి కావాల్సి వచ్చింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ సంగతి వేరు. ఆమెకు చూపు బాగానే ఉండేది, తన ఓటు మాత్రం నాన్నది. పోలింగు రోజు పొద్దున అన్నం తింటూ గుర్తు పేరు చెప్పేవాడు, ఆమె తలూపేది. ఒకసారి "ఎప్పుడూ దానికేనా?" అందని కంచం గోడకేసి కొట్టాడు. మళ్ళీ సున్నం వేసేదాకా ఆ పప్పు మరక అక్కడే ఉంది. నేను మరిచిపోలేదు. మరిచిపోయే రకాన్ని కూడా కాను.

నన్ను తుళ్లూరు పక్క ఊరికి ఇచ్చారు. మా అత్తగారివాళ్ళు పొలమంతా రాజధానికి ఇచ్చేశారు. నాన్న పార్టీ వచ్చి రాజధాని పనులు ఆపేశాక, పత్తి పండిన చోట ముళ్ళకంప లేచింది. ఆ ఊళ్ళో నాన్న పార్టీ పేరెత్తితే మంచినీళ్ళు కూడా పుట్టవు. పెళ్ళైన కొత్తలో నేను నాన్న గుర్తుకే వేసేదాన్ని. ముళ్ళకంప లేచాక మారాను. ప్రకాశం జిల్లాలోని మా పుట్టింటి ఊళ్ళో కూడా కుర్రకారులో సగం మంది తాతల గుర్తు వదిలేశారు. ఆ సంగతి నాన్నకు చెబితే, "వాళ్ళకి సిగ్గులేదులే" అన్నాడు. నా సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మొన్నటి ఎన్నికలకు పార్టీవాళ్ళు వచ్చి తామే దగ్గరుండి వేయిస్తామన్నారు. "నా బిడ్డ ఉండగా మీరెందుకురా?" అన్నాడట. పొద్దున్నే అత్తగారి ఊళ్ళో నా ఓటు వేసి, బస్సెక్కి వెళ్ళాను. బూత్‌లో నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఓటరు చెప్పినట్టే వేస్తానని, ఎవరికీ చెప్పనని. నా కుడిచేతి వేలికి కూడా సిరా పూశారు. నాన్న నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"తెలుసుగా అమ్మా?"

"తెలుసు నాన్నా."

నాకు కావలసిన మీట నొక్కాను. అసెంబ్లీకీ, పార్లమెంటుకీ, రెండు ఓట్లూ అంతే. మిషన్ కుయ్యిమన్నప్పుడల్లా ఆయన మొహం విప్పారింది. నాకు జాలి వేయలేదు. గోడ మీద మరక గుర్తొచ్చింది, మనసు చల్లబడింది.

ఫలితాల్లో నాన్న పార్టీ ఓడింది. మా పుట్టింటి ఊళ్ళో కూడా వెనకబడింది. ఆ వారం పుట్టింటికి వెళితే, టీ కొట్టు దాకా తీసుకెళ్ళమన్నాడు. అక్కడ ఆయన ఈడు మనిషి ఒకడు, నలభై ఏళ్ళు కలిసి జెండా మోసినవాడు, నన్ను చూసి నవ్వాడు.

"ఏరా, మీ అమ్మాయి రాజధాని ఊరి కోడలు గదా. నీ ఓటు కూడా అటే గుద్దుంటదిలే."

నాన్న లేచాడు. తడుముకుంటూ నా తల దొరకబుచ్చుకుని, దాని మీద చెయ్యి పెట్టాడు.

"నా బిడ్డ మీద ఒట్టు. నా ఓటు నా గుర్తుకే పడింది. ఇంకోసారి అన్నావంటే నాలుక కోస్తా!"

అందరూ నోరు మూసుకున్నారు. ఆ చెయ్యి కింద నేనూ మూసుకున్నాను. మా నాన్న దేవుణ్ణి నమ్మకపోయినా ఒట్టును నమ్ముతాడు. అబద్ధపు ఒట్టు వేస్తే ఎవరి మీద వేశామో వాళ్ళు దక్కరని ఆయన గట్టి నమ్మకం.

ఇంటికొచ్చి అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిని, "మీ అమ్మయితే ఎంత బుద్ధిగా వేసేది! నీకూ దాని బుద్ధే వచ్చింది" అన్నాడు. నాకు తిక్కరేగింది.

"అటే వేశాను నాన్నా. రెండూ అటే."

కంచం విసురుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, విసరాలనే చెప్పాను. విసరలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, నా తల కోసం గాలిలో వెతికాడు. దొరికాక, పొద్దున టీ కొట్టులో చెయ్యి పెట్టిన చోటే రెండు చేతులతో తుడవడం మొదలుపెట్టాడు. ఏదో అంటుకుపోయినట్టు తుడిచాడు. "నేను ఒట్టు వేశానే, నీ మీద వేశానే" అని అదే మాట. ఆ చేతుల కింద అప్పుడు ఏడ్చాను. అప్పటికి ఏం లాభం!

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు.

"బాగానే ఉన్నావా అమ్మా?"

"ఉన్నాను నాన్నా."

పెట్టేస్తాడు. ఓటు గురించి ఈనాటి వరకూ ఒక్క మాట అడగలేదు.