పీర్ల కొట్టానికి నేను పెట్టని సంతకం

ధర్మపురికి ఎగువన, గోదావరి ఒడ్డున మా ఊరు. ఊరి మధ్యలో, మొహర్రానికి పీర్ల పంజాలను నిలబెట్టే పీర్ల కొట్టం జాగా మా తాత ఇచ్చినది. కాగితం లేదు. ఆయన నలుగురిలో చెప్పాడు, అంతే. మా భూములు పోయాయి, గడీ కూలింది. మొహర్రంలో పీరుకు తొలి దట్టీ, అంటే పట్టుగుడ్డ, కట్టే మర్యాద మాత్రం మా ఇంటికే మిగిలింది. పీరును ఎత్తుకునేది పద్మశాలీల ఇంటి మనిషి. నిప్పుల గుండం తవ్వేది కాపులు. ఏడాదంతా పీర్లను చూసుకునేది ముసలి సాయబు. ఇందులో ఏ మతం వాటా ఎంతని నా చిన్నతనంలో ఎవరూ అడగలేదు.

మొన్నటి సర్పంచి ఎన్నికల ముందు ఒక అభ్యర్థి అడిగాడు. కొట్టం సర్కారు జాగాలో ఉందని, దాన్ని తీయించి నరసింహస్వామి గుడి కట్టిస్తానని ఇల్లిల్లూ తిరిగాడు. దరఖాస్తు పెట్టాడు. తహసీల్దారు విచారణకు వస్తున్నాడని తెలిసి సాయబు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు జర రావాలె దొరా. మీ తాత ఇచ్చిండని ఒక్క సంతకం పెడితె సాలు."

"మా తాత మాటకు సంతకమేంది? ఊరందరికి ఎరికే గద."

"ఎరికే. కని ఎవ్వలు నోరు తెరుస్తలేరు."

వెళ్లాను. పంచాయతీ గదిలో అభ్యర్థి కుర్చీలో ఉన్నాడు. వాళ్ల తాత మా ఎడ్లు కాసినవాడు. నాకు కుర్చీ వేయలేదు.

"దొరవారు వచ్చిన్రు! కాగితం తెచ్చిన్రా, మీసాలొక్కటే తెచ్చిన్రా?" అన్నాడు. గదంతా నవ్వింది.

తహసీల్దారు తెల్లకాగితం నా వైపు జరిపి, "రాసి సంతకం పెట్టండి. గుర్తింపు కార్డు జిరాక్సు జత చేయండి" అన్నాడు.

"మా తాత మాటకు నా పూచీ అవసరం లేదు. ఊరిని అడగండి" అన్నాను.

ఊరు తలెత్తలేదు. పీరును మోసిన మనిషి కూడా నేల చూపులే చూశాడు. నేను బయటికి వచ్చేశాను. తల వంచలేదని దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

వారం తిరగకుండా కొట్టానికి తాళం పడింది, సీలు పడింది. అభ్యర్థి గెలిచాడు. రాజ్యాంగం మీద ప్రమాణం చేసి, అటునుంచి అటే వెళ్లి కొట్టం గోడకు కొబ్బరికాయ కొట్టాడు. అధికారులు వరుసగా నిలబడి ప్రసాదం తీసుకున్నారు. నరసింహస్వామి మా ఇలవేల్పు. అయినా నా చేతిలో పెట్టిన కొబ్బరి ముక్కను తినకుండా ఆ గోడ మీదే పెట్టి వచ్చాను.

మర్నాడు నేనే తహసీల్దారు కార్యాలయానికి పోయి, సంతకం పెడతానన్నాను. "ఫైలు మూసేశాం. ఆ రోజే పెట్టి ఉంటే ఆపేవాణ్ని" అన్నాడు. ఆపేవాడో లేదో నాకు తెలియదు. సంతకం పెట్టినా ఆపలేదని ఆయన్ని తప్పు పట్టే వీలు మాత్రం నేను ఎవరికీ మిగల్చలేదు.

తిరిగి వచ్చేసరికి సాయబు బస్టాండులో ఉన్నాడు. సీలు వేసే ముందు తీసుకోనిచ్చిన పీర్లను దుప్పటిలో మూట కట్టుకున్నాడు. ఆసిఫాబాద్‌లో కూతురి దగ్గరికి పోతున్నాడు.

"ఆడ నిలబెడ్తవా?" అని అడిగాను.

"కిరాయిల్లు దొరా. మంచం కింద పెడ్త."

"నేను నీకు అండగ రాలేదని అనుకున్నవా?"

"అట్లెందుకంట? వచ్చిన్రు. సంతకమే పెట్టలే."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బస్సు వచ్చింది. మూటను ముందు ఎక్కించి తర్వాత ఆయన ఎక్కాడు. కండక్టరు మూటను కాలితో సీటు కిందికి నెట్టి, దానికి లగేజీ టికెట్టు కొట్టాడు.