బురుల్కాన్ అక్క అడిగిన మాట

కిర్గిజ్‌స్తాన్‌లో, నారిన్ ఊళ్లోని మా తివాచీల కార్ఖానాను నడపడానికి బురుల్కాన్ అక్క వచ్చేనాటికి నేనక్కడ ఆరేళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. అక్కకు ముందు కార్ఖానా నడిపిన పెద్దాయన నమూనా తనే కోసి ఇచ్చేవాడు. మేం పదకొండుమంది ఆడవాళ్లం అది కుట్టి ఇళ్లకు పోయేవాళ్లం. బాగా వచ్చిందో లేదో ఆయనకే పట్టాలి, మాకెందుకు అనుకునేవాళ్లం.

అక్క వచ్చిన వారానికే సుద్దముక్క, కత్తి నా ముందు పెట్టి, మీ అమ్మ వేసే పొట్టేలుకొమ్ముల నమూనా వెయ్యమంది. ఎర్రదీ నల్లదీ, రెండు మందపాటి ఉన్ని గుడ్డలను ఒకదానిమీద ఒకటి పరిచి కోయాలి. గీత తప్పితే రెండూ పోతాయి. నాకు తప్పింది. అందరం రెండు వారాలు తడిపి, తొక్కి చేసిన గుడ్డలు అవి. పక్కనున్న షరీపా తొంగిచూసి, "పొట్టేలు కొమ్ములెయ్యమంటే మేకతోక వేశావేంటే?" అంది.

నాకు ఏడుపొచ్చింది. "నావల్ల కాదక్కా, కత్తి మీరే తీసుకోండి" అన్నాను.

అక్క తీసుకోలేదు. బల్ల పక్కన కూర్చుంది. "పోయిందేదో పోయింది. ఇప్పుడేం చేద్దామంటావు, ఐచురోక్?"

అక్కడ నన్నెవరూ అంతవరకూ ఆ మాట అడగలేదు. పాడైన గుడ్డలను అటూ ఇటూ తిప్పి చూశాను. ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. చివరికి, ముక్కలు చేసి కుర్చీలమీద పరిచే చిన్నవి కుడదామన్నాను. సాయానికి ఎవరు కావాలో నన్నే పిలుచుకోమంది. షరీపానే పిలిచాను. వెక్కిరిస్తూనే సాయంత్రందాకా కుట్టింది.

తర్వాత అక్క ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించింది. రంగులు ఎంచడం షరీపా పని. నచ్చని ఉన్ని వెనక్కి పంపడమూ తన ఇష్టమే.

ఒక చలికాలం అక్కను గుండె ఆపరేషన్‌కు రాజధాని బిష్కెక్ తీసుకెళ్లారు. అప్పుడు మా చేతిలో ఒక పెళ్లివారి పెద్ద తివాచీ పని ఉంది. వచ్చిన ఉన్ని నిండా ముళ్లే. షరీపా దాన్ని తిప్పి పంపి, మంచులో గొర్రెలకాపరి ఇంటికి స్వయంగా వెళ్లి వేరేది ఏరి తెచ్చింది. పదిరోజులు ఆలస్యమవుతుందని పెళ్లివారికి మేమే ఫోన్ చేసి చెప్పాం. అక్కకు చెబుదామని ఎవరికీ తోచనేలేదు.

రెండు నెలలకు చిక్కిపోయి తిరిగొచ్చిన అక్క, పూర్తికావచ్చిన ఆ తివాచీ అంచు తడిమి, నీలం ఎవరు ఎంచారని అడిగింది. షరీపా తానేనంది.

"నేనైతే ఈ నీలం పెట్టను" అంది అక్క. అంచును వెలుతురుకు తిప్పి చూసి, "కానీ పెట్టాల్సింది ఇదే" అంది.

ఇప్పుడు కార్ఖానాకు నేను పెద్దను. కొత్తవాళ్ల చేతిలో పని చెడితే, నోటిదాకా వచ్చిన సలహాను దిగమింగుకోవడం ఎంత కష్టమో తెలుస్తోంది. పోయిన నెల అక్క ఇంటికెళ్లి, ఇదంతా మీ పుణ్యమేనని చెప్పాను. ఆమెకు చెవులు సరిగా వినపడటం లేదు, రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. ఆమె నవ్వి, నా పళ్లెంలో నూనెలో వేయించిన వేడి బోర్సోకు రొట్టెముక్కలు ఇంకో రెండు వేసింది.